ఒక్క రివెట్టు తక్కువ మంచుబండి

బొంబాయి పోయొచ్చిన అంటే ఎవరైనా సముద్రం చూసినవా, సినిమావాళ్లు కనవడ్డరా అని అడుగుతరు. నేను కామాటిపుర పోయొచ్చిన అన్న. మా వర్క్‌షాపుల ఒక్కొక్కనికి ఒక్కో తీరు నవ్వు. ఒకడు మీసం కింద నవ్విండు, ఒకడు భుజం తట్టిండు. మా స్టోర్‌కీపరైతే "ఈ వయసుల ఇదేం బుద్ధి యాదగిరీ" అని కన్ను గీటిండు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒరే, ఆ ఊరికి ఆ పేరు మనోళ్ల మూలంగనే వచ్చింది! పాలమూరు దిక్కునుంచి పోయి, రాళ్లు మోసి, మట్టి తవ్వి, ఆ పట్నాన్ని నిలబెట్టిన కూలోళ్లను కామాటోళ్లు అన్నరు. వాళ్లున్న గల్లీలు గనుక కామాటిపుర అయింది. తర్వాత అక్కడ ఎవరో సానికొంపలు తెరిస్తే దానికి మనోళ్లు జవాబుదార్లా? నా సొంత అక్క ముప్పై ఏండ్ల సంది అక్కడ సంసారం చేస్తున్నది. రోజూ గడపకు పసుపు రాస్తది. నవ్వెటోళ్లు నవ్వుండ్రి. పోనోళ్లకు తెలువాలనే ఇది రాస్తున్న.

నేను పోయింది షికారుకు కాదు. అక్క దగ్గరినుంచి కార్డు వచ్చింది. "తమ్మీ, మీ బావ ఇత్తడి రైలుబండి ఒకటి చేసిండు. అమెరికాకు పోయేటిది. కంపెనీవాళ్లు రెండుసార్లు వాపస్ ఇచ్చిన్రు. మూడోసారి గిట్ల వాపస్ వస్తే పని వేరేటోళ్లకు పోతదట. అప్పుడు మీ బావ ఈ వయసుల కూలికోసం నాకా మీద నిలవడాలె. నువ్వు రైల్వేల ఫిట్టరువు. నీ మాటన్న వింటడేమో, జల్ది రా." అంతే. ఆరు రోజులు సెలవు రాసి, సికింద్రాబాదుల బండెక్కిన.

దాదర్: కారప్పొడి దెబ్బ

బండిల చెప్పుకోదగ్గది సోలాపూరొక్కటే. ఎండిన ఆకులెక్క ఫటఫట విరిగే జొన్నరొట్టె, దాని మీద పల్లీల కారం. అమ్మే ఆమె నా మాట విని తెలుగులకు దిగింది. "మాది ఈ ఊరే, మా తాతలది సిరిసిల్ల" అన్నది. రెండు రొట్టెలు రూపాయిన్నర. మా ఇంటి రొట్టె మెత్తగుంటది, దీన్ని నమలాలంటే దవడలు గట్టిగుండాలె. గానీ రుచి మాత్రం అబద్ధం చెప్పొద్దు, ఆరు తిన్న.

దాదర్ల దిగి టాక్సీ ఆపిన. చేతుల ఒక పెట్టె, సంకల అక్కకోసం కట్టుకొచ్చిన చింతపండు, రెండు కిలోల కారప్పొడి. టాక్సీవాడు యాడికి అన్నడు. కామాటిపుర, పదకొండో గల్లీ అన్న. వాడు అద్దంల నన్ను చూసి, "సాబ్, ఇంత పొద్దున్నేనా? ఇంకా తెరవరు గదా" అని హిందీల అన్నడు. అని ఇకిలించిండు.

మా తాత మోసిన రాళ్ల మీద నడిచే టాక్సీ, వాడు నన్ను చూసి ఇకిలిస్తడా! "గాడీ రోకో" అన్న. సగం తొవ్వల దిగి, తలుపు ధడాలున వేసిన. నా ఖర్మకు కారం సంచి ఆ తలుపుల పడి చిరిగింది. ముందుసీటు దాకా ఎర్రగ లేసింది. వాడు తుమ్ముడు షురూ చేసిండు, నేను తుమ్ముడు షురూ చేసిన. ఇద్దరం రోడ్డు మీద కండ్లు తుడుచుకుంట ఒకర్నొకరం తిట్టుకున్నం. మిగిలిన కిలోన్నర కారం తువ్వాలల మూటగట్టుకొని, తొవ్వ అడుక్కుంట అడుక్కుంట నడిచిన. అక్క గుమ్మంల నన్ను చూసి "ఏడ్చినవారా?" అన్నది. "నీ పట్నం ఏడిపించింది" అన్న.

పదకొండో గల్లీ: జానెడు బండి

అక్క ఉండేది చాల్‌ల, కూలోళ్ల అర్రలు వరుసగ ఉండే బంగ్లల, రెండో అంతస్తు. ఒకటే ఖోలీ, అంటే అర్ర. మంచం వేస్తే నడిచే జాగ ఉండదు, నడిచే జాగ ఉంటే మంచం ఉండదు. నలభై ఇండ్లకు వరండా కొసకు నాలుగు పాయఖానాలు. పొద్దున్నే డబ్బా పట్టుకొని లైన్ల నిలవడ్డ. నా ముందరి ముసలాయన నేను సికింద్రాబాదునుంచి వచ్చిన అని విని, "మీకాడ ఇంటింటికి ఉంటదట గదా?" అని అడిగిండు. ఉంటది అన్న. "అయితే ఈడికెందుకొచ్చినవ్ బిడ్డా" అన్నడు. నిజమే అనిపించింది.

నా మేనకోడలు సునందకు ఇరవై ఏండ్లు, దుకాణంల బట్టలు కుడ్తది. "మామా, ప్రవాస్ కసా ఝాలా?" అని ప్రయాణం సంగతి మరాఠీల అడిగింది. తెలుగుల అడుగు బిడ్డా అన్న. నవ్వి లోపలికి పోయింది. అక్క మీద గరమైన. "నీ కడుపున పుట్టినదానికి తల్లిభాష రాదా?" అంటే, "బడి మరాఠీ, గల్లీ హిందీ, నేను పొద్దంత నల్లా లైన్ల ఉంట. ఎవరు నేర్పాలె, నువ్వొచ్చి నేర్పుతవా?" అన్నది. నేను ఇంకింత గరమైన.

మా బావ సాయిలు పక్క గల్లీల చిన్న గాలా పెట్టుకున్నడు. గాలా అంటే పెద్దగేమనుకోవద్దు, షట్టరు పడే అర్ర. ఇద్దరు కూసుంటే మూడోవాడు నిలవడాలె. అక్కడ ఇత్తడి దీపాలు, గంటలు, తాళాలు, బొమ్మలు చేసుకుంట బతికిండు. రెండేండ్ల సంది అమెరికా పంపే కంపెనీ ఒకటి రైలు బొమ్మలు చేయించుకుంటున్నది.

"రా బామ్మర్దీ, నువ్వు అసలు బండ్లు బాగుచేస్తవు, నేను బొమ్మబండ్లు చేస్త. ఎవడు గొప్ప?" అని డబ్బా తెరిచిండు.

నా కోపమంత ఎటు పోయిందో! జానెడు పొడుగు. చిన్నలైను బండికి నమూనా, బొంబాయి పక్కల మాథేరాన్ గుట్ట ఎక్కే బండి లెక్కటిది. ముందర పెద్ద చతురస్రపు మూతి, దాంట్ల గుండ్రంగ చక్రం, చక్రానికి పది రెక్కలు. మూతి మీద ఒక గొట్టం పక్కకు తిరిగి ఉంది. వెనక పొగగొట్టం, బొగ్గుపెట్టె, కిటికీలు, అన్నీ ఉన్నయి. వేలుతోని తిప్పితే చక్రం చప్పుడు లేకుంట తిరిగింది. ముప్పై ఏండ్లు ఇంజన్ల కింద పండుకున్నోణ్ణి, నా చేతుల్తోని గట్ల చెయ్యలేను. ఈ మాట బావతోని అనలే. ఇప్పుడు రాస్తున్న.

"ఇది ఏం బండో తెలుసా నీకు?" అన్న.

"కాగితం ఇచ్చిన్రు, చేసిన. మొదలు నేను పిండిగిర్నీ అనుకున్న. రైలు మీద గిర్నీ ఎందుకురా దేవుడా అని వారం దినాలు పరేషానైన."

నేను చెప్పిన. అక్కడ గుట్టలల్ల ఆకాశంనుంచి బర్ఫ్ పడ్తది, పట్టాల మీద రెండు మనుషుల ఎత్తు పేరుకుంటది. ఇది దాన్ని కోసి, ఆ గొట్టంలకెళ్లి దూరంగ ఎత్తిపోస్తది. దీనికి సొంతంగ నడక లేదు. లోపలి ఆవిరంత చక్రం తిప్పనీకే సరిపోతది, వెనకనుంచి వేరే ఇంజన్లు నూకాలె. బావ నోరు తెరిచి విన్నడు. ఆయన చూసిన బర్ఫంటే చేపల బజార్ల పొట్టుల కప్పిన గడ్డలే. "గంత బర్ఫ్ ఊర్కనే పడ్తదా? ఎవరూ అమ్ముకోరా?" అన్నడు.

సరే, వాపస్ ఎందుకొచ్చిందో చూద్దామని పాత నమూనా తియ్యమన్న. దాని పక్కరేకు మీద ఎర్రసిరాతోని సున్నా చుట్టి ఉంది. రివెట్లు ఈ బొమ్మకు ఎట్లుంటయంటే, రేకు వెనకనుంచి పంచి అనే సన్న ఉలితోని ఒక్కొక్క దెబ్బ కొడ్తే ముందర సగం ఆవగింజంత బొడిపె లేస్తది. గట్ల వందల బొడిపెలు, దారంతోని కొలిచినట్టు వరుసలు. ఎర్రసున్నాల మాత్రం బొడిపె లేదు. ఎడమపక్క, కింది వరుస, చివరినుంచి మూడోది. కొత్త నమూనా చూసిన. మళ్ల అదే జాగ, అదే ఖాళీ.

"మర్చిపోయినవా?"

"లేదు."

"మరి కొట్టు."

"కొట్ట."

"ఎందుకు కొట్టవ్?"

"కొట్టనంటే కొట్ట బామ్మర్దీ. చాయ్ తాగుతవా?"

గింతే. ఎన్నిసార్లడిగినా చాయే. ఇంటికొచ్చి అక్కనడిగితే, "వాళ్ల ఇంటోళ్లది అదే తీరు. ఏ పని చేసినా ఒకటి కొదవ పెడ్తరు. దిష్టి తగలకుంటనేమో" అన్నది. దిష్టా! మా దిక్కు ఇల్లు కట్టేటప్పుడు బూడిదగుమ్మడికాయ కట్టుకుంటరు, దానివల్ల ఎవరి అన్నం పోదు. ఈయన దిష్టికోసం ఇంటి పొయ్యి ఆర్పుకుంటడా? చెప్పుతోని కొట్టాలె గసొంటి నమ్మకాన్ని. బావ గనుక ఊకున్న గానీ, నా తమ్ముడైతే ఆడనే రెండు తగిలిద్దును.

వర్లి: దూది మంచు

మర్నాడు బావ వర్లి పోదాం పా అన్నడు. నమూనాను పెట్టెల పెట్టనీకె దూది కావాలట. బస్సుల కిక్కిరిసి పోయినం. నా చెప్పు అంగుటం బస్సులనే తెగింది. ఒక్క కాలికి చెప్పు, ఒక్క కాలు ఒట్టిది. అప్పటికే తిక్కమీదున్న.

వర్లిల బావ దోస్తు అంజయ్య ఉంటడు, నల్లగొండ సాలెల పిల్లగాడు, ఇప్పుడు యాభై దాటినయనుకోండి. మిల్లుల పనిచేసిండు. మిల్లు మూతపడి మూడు నాలుగేండ్లు, ఇగ తెరుస్తరు అగ తెరుస్తరు అని చూసి చూసి, దిండ్లు కుట్టి అమ్ముకుంటున్నడు. చాల్ వరండాల్నే కూసుండబెట్టి కాంద్యాచి భజీ పెట్టిచ్చిండు, మన ఉల్లిగడ్డ పకోడీనే. మా దిక్కు దాంతోని అల్లం చట్నీ, ఇక్కడ ఎండుకారం, పచ్చిమిరపకాయ, పావు రొట్టె. పావు రొట్టె నాకు నచ్చలే. తిన్నట్టు ఉండదు, కడుపు నిండినట్టు ఉంటది.

"ఏందిరా సాయిలూ డబ్బాల?" అన్నడు అంజయ్య. బావ బండి తీసి, లోపల బొమ్మకారు మోటారు పెట్టిన సంగతి అప్పుడు చెప్పిండు. కంపెనీ అడగలే. "తిరిగే చక్రానికి పని లేకపోతే ఎట్ల?" అన్నడు. అంజయ్య నేల మీద ఏకిన దూది పరిచిండు, బెత్తెడు ఎత్తు. బావ బ్యాటరీ తగిలిచ్చి, బండిని వెనకనుంచి వేలుతోని మెల్లగ నూకిండు.

చక్రం దూదిని పట్టింది. గొట్టంలకెళ్లి తెల్లగ, సన్నగ, మూరెడు దూరం ఎగిరి పడ్డది. వరండా పొడుగూత ఉన్న ఆడోళ్లంత చేటలు, బిందెలు వదిలిపెట్టి వచ్చిన్రు. ఎవరి జుట్ల చూసినా దూదే. నేను గట్టిగ నవ్విన. ఆ ఆరు రోజులల్ల నవ్వింది అప్పుడే. అంజయ్య నవ్వి నవ్వి దగ్గిండు, దగ్గి దగ్గి గోడకు ఆనిండు. "ఇరవై ఏండ్లు దూది నా రొమ్ముల పడ్డది సాయిలూ. దానికి నవ్వొచ్చుడు ఇదే మొదలు" అన్నడు.

వచ్చేటప్పుడు బావ సముద్రపొడ్డుకు తీసుకపోయిండు. రాతి గోడ ఉంది, దాని మీద జనం కూసుంటరు. బావ కొంతదూరం లెక్కపెట్టుకుంట నడిచి ఒక కాడ వంగిండు. "ఇగో బామ్మర్దీ, ఇది మా నాయిన రాయి. మిగతా రాళ్లకు ఉలి గీతలు నిలువు, దీనికి అడ్డం. చూసినవా? మా నాయిన ఈ గోడకు పనిచేసిండు. నన్ను చంకనేసుకొని తెచ్చి చూపెట్టెటోడు. నేను సునందను తెచ్చి చూపెట్టిన" అన్నడు.

చూసిన అన్న. చూడలే. కాలికింద రాయి కాలుతున్నది, చెప్పు చేతుల ఉంది, రివెట్టు నెత్తిల తిరుగుతున్నది. "రాళ్లు తర్వాత చూద్దాం గానీ, రేపు కంపెనీ చెకర్ వస్తడు. ఆ బొడిపె కొడ్తవా కొట్టవా? పోనీ కొదవ పెట్టుడే కావాలంటే బండి కిందిపక్క పెట్టు, ఎవనికి కనవడదు" అన్న.

"ఎవనికి కనవడనిది ఎందుకు?" అన్నడు బావ.

ఇగో, ఈ మాట కూడ విన్న. చెవులున్నయి గనుక విన్న. మండిపోయింది గానీ అర్థం చేసుకోలే. చెప్పు కుట్టిచ్చుకోనీకె అర్ధరూపాయి అయింది, మోచీ ముప్పావలా అడిగితే వానితోని కూడ కొట్లాడిన.

ఫోరస్ రోడ్: నాకా

చెకర్ పగటియాళ్ల వస్తడు. పొద్దున్నే తిక్క చల్లార్చుకుందామని ఫోరస్ రోడ్ మీదికి పోయి కటింగ్ చాయ్ చెప్పిన. సగం గిలాస. మా సికింద్రాబాదుల ఇరానీ హోటల్ల గిలాస నిండ పోసి సాసరుల కూడ కార్తది. ఇక్కడ సగం గిలాసకే అర్ధరూపాయి, నిండుగ అడిగితే నన్ను పల్లెటూరోణ్ణి చూసినట్టు చూసిండు.

అక్కడికి కొంచెం దూరంల మలుపు కాడ నాకా. పారలు, గంపలు పట్టుకొని మనుషులు వరుసగ కూసున్నరు. మాట వింటే మాటే చెప్పింది, పాలమూరోళ్లు. ఒకాయన నా లెక్కనే నెరిసిన మీసం. ఏ ఊరన్నా అన్న. నారాయణపేట పక్క పల్లె అన్నడు. వానలు లేవు, ఇద్దరు పిల్లలు, భార్య కూడ ఇక్కడ్నే సున్నం కలుపుతదట. మాట్లాడుతుంటెనే మేస్త్రీ ఒకడు వచ్చిండు. వచ్చి మాటా మంచీ లేకుంట ఆయన దండ చెయ్యి వత్తి చూసిండు. సంతల ఎద్దును చూసినట్టు. పెదవి విరిచి పక్కోణ్ణి పిలుచుకపోయిండు.

ఆయన మళ్ల కూసున్నడు. "రోజూ గింతే అన్నా. ఈ చెయ్యే గీ పట్నాన్ని కట్టింది, గిప్పుడు చెయ్యికే పరీక్ష" అని నవ్విండు. ఆయనకెట్ల నవ్వొచ్చిందో నాకు తెల్వదు. నాకు మాత్రం ఆ జాగల బావ కనవడ్డడు. నాలుగు అంగుళాల లోపట పది రెక్కల చక్రం తిప్పిన చెయ్యిని ఎవడో బేవకూఫ్ వత్తి చూసి పెదవి విరుస్తడు. ఒక్క బొడిపెకోసం. దిష్టికోసం!

చాయ్ గిలాస పెట్టేసి సీదా గాలాకు పోయిన. బావ తానానికి పోయిండు, చెకర్ వస్తడని. తాళంచెవి అక్క దగ్గర తీసుకున్న. "ఏం చేస్తవురా?" అన్నది. "నువ్వు పిలిచిన పని" అన్న. తాళంచెవి నా చేతుల పెట్టింది.

పెట్టె తీసిన, దూది పక్కకు పెట్టిన. అతుకులన్నీ అయిపోయిన బండి, వెనకనుంచి పంచి కొట్ట రాదు. వెంట్రుకంత బొక్క వేసిన చేతి డ్రిల్లుతోని. సన్న ఇత్తడి తీగె పెట్టి, సీసం కరిగిచ్చి మాటు వేసి, కత్తిరించి, ఆకురాయితోని గుండ్రంగ చేసిన. పావుగంట కూడ పట్టలే. భూతద్దం పెట్టి చూస్తే దానికీ పక్కదానికీ తేడా లేదు. వరుస నిండింది. మళ్ల దూదిల చుట్టి పెట్టె మూసిన. నా పనితనం చూసుకొని నేనే మురిసిన. దేవుడు నా చేతులు ఆనాడు వణికించినా బాగుండు.

చెకింగ్: "ఐసా హీ"

తెల్ల సఫారీ సూటు, మెడల భూతద్దం, చంకల ఫైలు. చెకర్ గాలాలకు రాలే, షట్టరు కాడ్నే నిలవడ్డడు. లోపల కూసుంటే బట్టలు ఖరాబైతయట. బావ పెట్టె ఇచ్చిండు. నేను, అక్క, సునంద పక్కన నిలవడ్డం. వాడు తిప్పి తిప్పి చూసిండు. సీదా ఎడమపక్క, కింది వరుసకు పోయిండు. అద్దం పెట్టిండు.

అక్క నా చెయ్యి పట్టుకున్నది. బావ గోడవైపు చూస్తున్నడు. వాపస్ అనేదానికి తయారై నిలవడ్డ మనిషి ఎట్లుంటడో గట్ల ఉన్నడు.

"హా, అబ్ ఠీక్ హై" అన్నడు చెకర్. "పహలే హీ కర్ దేతే తో మేరా దో చక్కర్ బచ్ జాతా." ముందే చేసుంటే వానికి రెండుసార్ల తిరుగుడు తప్పేటిదట.

బావ తల తిప్పిండు.

చెకర్ ఫైలుల సంతకం పెట్టిండు. జేబులకెళ్లి చిన్న ఇత్తడి బిళ్ల తీసి, బండి కిందిపక్క పెట్టి చూసుకున్నడు. కంపెనీ పేరు, దాని కింద ఇంగ్లీషుల చేతితో చేసినది అని. ఎవరి చేతితోని అనేది లేదు. నాకు ఒళ్లు మండింది. "ఇస్‌మే బనానేవాలేకా నామ్ కహా హై?" అన్న, చేసినోని పేరేది అని. వాడు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆప్ కౌన్?" అన్నడు. అక్క నా చెయ్యి వత్తింది. ఊకున్న. పోతుంట పోతుంట వాడు బావతోని అన్నడు: "నలభై బండ్లు కావాలె. ఇదే నమూనా, కంపెనీల పెడ్తున్నం. ప్రతిది దీంతోని కలిపి చూస్తం, అచ్చం గిట్లనే ఉండాలె. ఐసా హీ. ఏక్ రివెట్ భీ కమ్ నహీ."

పోయిండు. అక్క దేవునికి దండం పెట్టింది. "నలభై! ఏడాది పని!" అని నా తలకాయ నిమిరింది. నేను ఛాతీ విరిచి బావ దిక్కు చూసిన, ఇప్పుడేమంటవ్ అన్నట్టు.

బావ బల్ల కాడికి పోయిండు. బల్ల మీద నా ఆకురాయి పొడి ఇంకా ఉంది. వేలుతోని అద్దుకొని చూసిండు. "నీ చెయ్యి సాఫ్ ఉంది బామ్మర్దీ. పక్కవాటితోని కలిసిపోయింది" అన్నడు. తిట్టలే. తిట్టినా బాగుండు. స్టవ్వు మీద చాయ్ పెట్టిండు.

సునంద నన్ను బయటికి పిలిచింది. మరాఠీల మొదలుపెట్టి ఆగింది. తర్వాత ఒక్కొక్క మాట ఏరుకుంట తెలుగుల అన్నది. "మామా. అది దిష్టి కాదు. అది బాపు గుర్తు. పేరు రాయనియ్యరు గదా. తాతకు అడ్డం రాయి. బాపుకు ఖాళీ రివెట్. అమెరికల ఎవరి ఇంట్ల ఉన్నా బాపు బండి అని నాకు తెలుస్తది అన్నడు. వర్లిల నీకు చూపెట్టలేదా?"

చూపెట్టిండు.

చూపెట్టిండు, నేను చెప్పు పట్టుకొని నిలవడ్డ. బిళ్ల మీద పేరు లేదని చెకర్ మీద ఎగిరిన మొనగాణ్ణి, బావ పేరు ఆ పొద్దున్నే నా చేతుల్తోనే మాటువేసి పూడ్చొచ్చిన. ఒకటి కాదు, నలభై. ఇగ ప్రతిదానికీ ఆ బొడిపె ఉండి తీరాలె. ఎర్రసిరా సున్నా పెట్టినోడు కూడ ఇంత పని చేయలే. వాడు ఖాళీ చూసి వాపస్ ఇచ్చిండు, నేను ఖాళీనే లేకుంట చేసిన.

లోపలికి పోయి "బావా" అన్న. "చాయ్ చల్లారుతది" అన్నడు.

"వేరే జాగల పెట్టుకోరాదు?"

"ఏడ పెట్టినా నమూనాతోని కలిపి చూస్తరు గదా." చాయ్ గిన్నె అందుకొని, "అక్కకు చెప్పకు. ఆమె నవ్వింది, ఊకో" అన్నడు. గిలాస నిండ పోసిండు, సికింద్రాబాదు లెక్క.

వాపస్

బండెక్కియ్యనీకె బావ వచ్చిండు. అక్క కట్టిచ్చిన బొంబిల్ ఎండుచేపల వాసనకు రైలుడబ్బాల సగంమంది నా దిక్కు గుర్రుగ చూసిన్రు, ఒకడు నోరు విప్పిండు, వానికి సమాధానం చెప్పిన. బండి కదిలేటప్పుడు బావ కిటికీలకెళ్లి గుడ్డమూట ఒకటి ఒళ్లె పెట్టిండు. "నీకాడ ఉంచు. ఇక్కడుంటే రేకు కరగబెట్టి వేరేదానికి వాడ్త" అన్నడు. విప్పేసరికి బండి కల్యాణ్ దాటింది. మొదలు వాపస్ వచ్చిన నమూనా. ఎర్రసున్నా ఇంకా చెరగలే.

ఇప్పుడది మా ఇంట్ల గోడ అల్మారల ఉంది. వచ్చినోళ్లందరికి చక్రం తిప్పి చూపెడ్త. ఇది బర్ఫ్ ఎత్తిపోసే బండి, మా బావ సాయిలు చేసిండు, కామాటిపుర అని చెప్త. కామాటిపుర అన్నకాడ ఎవడన్న నవ్వుతడేమో అని మొకం చూస్త. మొన్న మా స్టోర్‌కీపర్ వచ్చిండు. నవ్వలే, పాపం, బుద్ధిగ చూసిండు. తిప్పి తిప్పి చూసి ఎర్రసున్నా కాడ ఆగిండు.

"ఇగో యాదగిరీ, ఇక్కడ ఒక్క రివెట్టు తక్కువుంది. ఫిట్టరువు, నీకు పావుగంట పని. పెట్టేయరాదూ?"

బండి వాని చేతులకెళ్లి గుంజుకున్న.

"దాని మీద చెయ్యి పెట్టినవంటే విరగ్గొడ్త."